రంగుల క్విజ్‌లతో స్వభావం తెలుసుకోవాలంటే: ఏది ఎంచుకోవాలి, ఎంతవరకు నమ్మాలి

‘మీ స్వభావం ఏ రంగు?’ అని అడిగే క్విజ్‌లన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ, వాటిలో రెండు వేరు వేరు రకాలున్నాయి. మొదటి రకంలో రంగులే ప్రశ్నలు. కొన్ని రంగులు మీ ముందు పెట్టి ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అని అడిగి, దాన్నిబట్టి మీరెలాంటివారో చెబుతారు. రెండో రకంలో ప్రశ్నలు మామూలువే. పని ఎలా మొదలుపెడతారు, గొడవ వస్తే ఏం చేస్తారు, నలుగురిలో ఎలా ఉంటారు అని అడిగి, జవాబులను నాలుగు గుంపులుగా లెక్కగడతారు. ఎక్కువ మార్కులు వచ్చిన గుంపుకు ఎరుపనో నీలమనో పేరు తగిలిస్తారు. ఇక్కడ రంగు వట్టి చీటీ మాత్రమే. ఎరుపు తీసేసి ‘క’ అని రాసినా ఫలితం అణువంత కూడా మారదు.

ఈ తేడా పట్టుకుంటే ఎంపికలో సగం పని అయిపోయినట్టే. స్వభావం తెలుసుకోవడమే మీ ఉద్దేశమైతే రెండో రకమే తీసుకోండి. చూడ్డానికి మొదటి రకమే సరదాగా, కాస్త మాయగా ఉంటుంది కాబట్టి అదెందుకు వద్దో ముందు చూద్దాం.

రంగును ఎంచుకోమనే పరీక్షలు

వీటిలో బాగా పేరున్నది లూషర్ కలర్ టెస్ట్. స్విట్జర్లాండ్‌కు చెందిన మాక్స్ లూషర్ 1940ల చివర్లో దీన్ని బయటపెట్టారు. అసలు పరీక్ష పెద్దది. జనంలోకి వెళ్లింది మాత్రం ఎనిమిది కార్డుల పొట్టి రూపం. ముదురు నీలం, నీలి ఛాయ ఉన్న ఆకుపచ్చ, నారింజ ఛాయ ఉన్న ఎరుపు, ప్రకాశవంతమైన పసుపు అనే నాలుగూ ప్రధాన రంగులు. ఊదా, గోధుమ, నలుపు, బూడిద రంగులు సహాయకాలు. ఒక్కో రంగుకు ఒక్కో అంకె ఉంటుంది. బూడిదకు 0, నీలానికి 1, అలా నలుపుకు 7 దాకా.

చేసే పద్ధతి ఇదీ. తటస్థమైన నేపథ్యం మీద, పగటి వెలుతురులో, నేరుగా ఎండ పడకుండా ఎనిమిది కార్డులూ పరుస్తారు. చీరకైతే బాగుంటుందా, గోడకైతే బాగుంటుందా అని ఆలోచించకుండా, ఆ క్షణానికి ఏ రంగు అన్నిటికంటే నచ్చిందో దాన్ని తీసి బోర్లిస్తారు. మిగిలినవాటిలో నచ్చింది మళ్లీ తీస్తారు. ఎనిమిదీ అయ్యాక వరస రాసుకుని, కొన్ని నిమిషాలు ఆగి, మొదటి వరసను గుర్తుచేసుకునే ప్రయత్నం చేయకుండా రెండోసారి చేస్తారు. ముందు వచ్చిన రంగులు కోరుకుంటున్నవాటికీ, చివరికి మిగిలినవి తోసిపుచ్చుతున్నవాటికీ గుర్తులని చదువుతారు. నాలుగు ప్రధాన రంగులూ మొదటి అయిదు స్థానాల్లోపు రాకపోతే ఏదో ఒత్తిడి ఉందంటారు.

పద్ధతి పకడ్బందీగానే ఉంది. చిక్కులు వేరే చోట ఉన్నాయి. మొదటిది, ఈ పరీక్ష చూస్తానన్నది ప్రధానంగా ఇప్పటి మానసిక స్థితిని, ఒత్తిడిని. స్వభావమంటే ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా ఉండేది. అంటే ఆ పరీక్ష తర్కం ప్రకారమే చూసినా, ‘నేను మొదటినుంచీ ఎలాంటి మనిషిని’ అన్న ప్రశ్నకు ఇది సరైన పనిముట్టు కాదు. రెండోది, ఫలితాలు నిలబడలేదు. మనోవైద్యంలో విస్తృతంగా వాడే ఎంఎంపీఐ ప్రశ్నావళితో 1984లో పోల్చి చూసినప్పుడు రెండింటికీ పొంతన కుదరలేదు. మూడోది, రంగుల ఇష్టాయిష్టాలకు ఇంతకంటే సాదా వివరణ ఉంది. ఏ రంగు వస్తువులు మనకు నచ్చుతాయో ఆ రంగు మనకు నచ్చుతుందని స్టీఫెన్ పామర్, కరెన్ ష్లాస్ 2010లో ప్రచురించిన పరిశోధన చూపించింది. తేటనీటి నీలం చాలామందికి ఇష్టం. కుళ్లినవాటిని గుర్తుచేసే ముదురు పసుపు-గోధుమ ఛాయలు చాలామందికి గిట్టవు. అందులో గుణగణాల ప్రసక్తి లేదు.

ఇక ఫోన్‌లో చేసే లూషర్ తరహా క్విజ్‌ల సంగతి మరీ అన్యాయం. అసలు కార్డుల ఛాయలు ఏరికోరి అచ్చువేసినవి. స్క్రీన్ మీద అదే నీలం ఒక ఫోన్‌లో ఒకలా, ఇంకో ఫోన్‌లో ఇంకోలా ఉంటుంది. రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండాలని పెట్టుకునే నైట్ మోడ్ ఆన్‌లో ఉంటే తెర మొత్తం పసుపు తిరుగుతుంది, నీలం చచ్చుబడుతుంది. బ్రైట్‌నెస్ తగ్గిస్తే గోధుమ, నలుపు ఒకటే అయిపోతాయి. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా కనబడని వర్ణాంధత్వం ఉన్నవారికి ఈ పరీక్ష మొదట్లోనే చెల్లదు. యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఈ లోపం ఉంది, ఆడవాళ్లలో అర శాతం దగ్గర. చాలామందికి తమకది ఉందనే తెలియదు. ‘ఈ బొమ్మలో మీకు మొదట ఏ రంగు కనిపించింది’ అనే తరహా ఒక్క ప్రశ్న క్విజ్‌ల గురించి చెప్పడానికేమీ లేదు. కాలక్షేపం, అంతే.

రంగు పేరు పెట్టే ప్రశ్నావళులు

ఈ వర్గంలో మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా అయిదు.

ట్రూ కలర్స్‌ను డాన్ లౌరీ 1970ల చివర్లో తయారుచేశారు. మనస్తత్వవేత్త డేవిడ్ కీర్సీ చెప్పిన నాలుగు స్వభావాలకు నారింజ, బంగారు, ఆకుపచ్చ, నీలం అని పేర్లు పెట్టారు. నారింజ అంటే అప్పటికప్పుడు దూకేవాళ్లు. బంగారు అంటే క్రమం, బాధ్యత, మాట మీద నిలబడటం. ఆకుపచ్చ అంటే ఎందుకు, ఎలా అని తవ్వేవాళ్లు. నీలం అంటే మనుషులు, అనుబంధాలు. కాగితం మీద పావుగంటలో అయిపోతుంది, లెక్క మీరే కట్టుకోవచ్చు.

టేలర్ హార్ట్‌మన్ తెచ్చిన కలర్ కోడ్ ఎరుపు, నీలం, తెలుపు, పసుపు అంటుంది. మిగతావాటికీ దీనికీ ఒక తేడా ఉంది. ఇది మీరేం చేస్తారన్నదాని కంటే ఎందుకు చేస్తారన్నదాని మీద గురిపెడుతుంది. ఎరుపును నడిపించేది అధికారం, నీలాన్ని ఆత్మీయత, తెలుపును ప్రశాంతత, పసుపును సరదా. చిన్నప్పుడు మీరెలా ఉండేవారో గుర్తుచేసుకుని జవాబివ్వమంటుంది.

ఇన్‌సైట్స్ డిస్కవరీ స్కాట్లండ్‌లోని డండీ నుంచి వచ్చింది. ఆఫీసు శిక్షణల్లో బాగా కనిపిస్తుంది. మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ ఆలోచనలను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం అనే నాలుగు ‘శక్తులు’గా చూపుతుంది. మొత్తం 25 అంశాలు. ఒక్కోదాంట్లో నాలుగు పదజంటలు. మీకు బాగా సరిపోయేది ఒకటి, అస్సలు సరిపోనిది ఒకటి గుర్తించి, మధ్యలో మిగిలిన రెంటికీ 1 నుంచి 5 దాకా మార్కులు వేయాలి. ఒక్క రంగుతో సరిపెట్టకుండా నాలుగింటి పాళ్లూ గ్రాఫ్‌గా ఇవ్వడం దీని బలం.

డిస్క్ (మనుషులను డి, ఐ, ఎస్, సి అనే నాలుగు గుంపులుగా చూసే) పరీక్షలు అనేక కంపెనీలవి. మూలం మనస్తత్వవేత్త విలియం మార్‌స్టన్ 1928లో చెప్పిన నాలుగు ప్రవర్తనలు. ఆయన పరీక్షా తయారుచేయలేదు, రంగులూ పెట్టలేదు. రెండూ తర్వాతివాళ్లు చేర్చినవే. హెర్మన్ బ్రెయిన్ డామినెన్స్ ప్రశ్నావళి అయిదోది. 120 ప్రశ్నలు. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన నెడ్ హెర్మన్ దీన్ని రూపొందించారు. ఇది చెప్పేది స్వభావం గురించి కాదు, ఆలోచించే తీరు గురించి. మెదడును నాలుగు గళ్లుగా చూపే బొమ్మను చూసి మెదడు నిజంగా అలా పంచుకుని పనిచేస్తుందనుకోకండి. అది ఒక రూపకం మాత్రమే.

ఒకే నీలం, వేరు వేరు మనుషులు

ఈ పరీక్షల్లో జనం ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక చోట ‘నేను నీలం’ అని తేలాక, ఇంకో చోట నీలం గురించి రాసింది చదువుకుని అది కూడా తమ గురించే అనుకుంటారు.

ట్రూ కలర్స్‌లో నీలం అంటే అనుబంధాల మనిషి. కలర్ కోడ్‌లోనూ దాదాపు అదే, ఆత్మీయత. ఇన్‌సైట్స్‌లోకి వచ్చేసరికి నీలం అంటే ముందు వివరాలు తెమ్మనే, దూరంగా నిలబడి బేరీజు వేసే మనిషి. హెర్మన్ పద్ధతిలోనూ నీలం లెక్కల మనిషే. డిస్క్ పరీక్షల్లో మామూలుగా కచ్చితత్వం చూసే సి గుంపుకు నీలం పెడతారు. కానీ వైలీ సంస్థ అమ్మే ఎవ్రీథింగ్ డిస్క్‌లో నీలం నెమ్మదస్తులైన ఎస్ గుంపుది, సి గుంపుకు పసుపు.

ఆకుపచ్చ ఇంకా తమాషా. ఇన్‌సైట్స్‌లో ఆకుపచ్చ అంటే అందరినీ కలుపుకుపోయే, ఓపికగా వినే మనిషి. ట్రూ కలర్స్‌లో తర్కం మనిషి. హెర్మన్‌లో పద్ధతి ప్రకారం వరసగా పనిచేసే మనిషి. ఎవ్రీథింగ్ డిస్క్‌లోనైతే ఆకుపచ్చ ఆధిపత్యం చెలాయించే డి గుంపుది. ఎరుపు సంగతీ అంతే. ఒక చోట ఆజ్ఞాపించేవాళ్లు, మరో చోట కలుపుగోలు మనుషులు.

కాబట్టి ఫలితం రాసుకునేటప్పుడు ఎప్పుడూ పరీక్ష పేరుతో కలిపి రాసుకోండి. ‘నీలం’ అని కాదు, ‘ట్రూ కలర్స్ నీలం, 16 మార్కులు’ అని. ఎవరైనా ‘నేను పక్కా ఎరుపు’ అంటే, ఏ పరీక్షలో అని అడగండి. పేరు లేని ఉచిత క్విజ్‌లో వచ్చిన రంగును పేరున్న పద్ధతి వివరణతో కలిపి చదవడం మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ క్విజ్ రాసినవాళ్లు ఏ పద్ధతి నుంచి ఏ రంగు ఎత్తుకొచ్చారో తెలిసే వీలుండదు.

రంగు చూడొద్దు, అంకెలు చూడండి

ట్రూ కలర్స్ తరహా కాగితాన్ని దగ్గరగా చూద్దాం. సాధారణంగా అయిదు వరసలు, ఒక్కో వరసలో నాలుగు గళ్లు. ప్రతి గడిలో కొన్ని గుణాలు రాసి ఉంటాయి. మీకు బాగా సరిపోయే గడికి 4, తర్వాతిదానికి 3, ఆ తర్వాత 2, చివరిదానికి 1. వరసకు 10 చొప్పున మొత్తం 50. ఒక్కో రంగుకు తక్కువలో తక్కువ 5, ఎక్కువలో ఎక్కువ 20.

ఇప్పుడు ఇద్దరి ఫలితాలు చూడండి. మొదటి మనిషికి నారింజ 19, బంగారు 14, ఆకుపచ్చ 10, నీలం 7. రెండో మనిషికి నారింజ 14, బంగారు 13, ఆకుపచ్చ 12, నీలం 11. ఎవరి మార్కులు కూడినా యాభయ్యే. కాగితం ఇద్దరినీ ‘నారింజ’ అనే అంటుంది. కానీ రెండో మనిషి ఒకే ఒక్క వరసలో నారింజకు వేసిన 4ను, బంగారుకు వేసిన 3ను తారుమారు చేసుంటే నారింజ 13, బంగారు 14 అయ్యేవి. చీటీ మారిపోయేది. మొదటి మనిషి రంగు మారాలంటే ఇలాంటి 4, 3 తారుమారు ఒక్క వరసలో జరిగితే చాలదు, మూడు వరసల్లో జరగాలి. రెండో మనిషి గురించి ఈ పరీక్ష చెప్పిన నిజం ఒక్కటే: ఈ నాలుగు గుంపుల్లో మీకు గట్టి మొగ్గు ఏదీ లేదు. అది కూడా పనికొచ్చే సమాచారమే. కానీ ‘మీరు నారింజ’ అన్న ముక్కలో అది పూర్తిగా మాయమవుతుంది.

మేం వాడే లెక్క ఏమిటంటే, 50 మార్కుల కాగితంలో మొదటి రెండు రంగుల మధ్య తేడా 2 లేదా అంతకంటే తక్కువైతే సమానం కిందే జమకట్టాలి. 3, 4 వస్తే మొగ్గు ఉన్నట్టు. 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆ రంగు గురించి రాసింది శ్రద్ధగా చదవొచ్చు. పది ప్రశ్నల ఆన్‌లైన్ క్విజ్‌లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. నీలం 4, ఆకుపచ్చ 3 వచ్చిందనుకోండి. ఒక్క జవాబు అటునుంచి ఇటు మారితే మీరు ‘ఆకుపచ్చ మనిషి’ అయిపోతారు. మార్కులు చూపించకుండా రంగు ఒక్కటే చెప్పే క్విజ్‌ను పక్కన పెట్టేయడానికి ఇదొక్కటే కారణం చాలు.

ఇంకో చిక్కు అంత తొందరగా కంటికి కనబడదు. మొత్తం ఎప్పుడూ 50 కాబట్టి ఒక రంగు పెరిగితే ఇంకోటి తగ్గాల్సిందే. చురుగ్గా ఉంటూనే పద్ధతిగానూ ఉండే మనిషికీ, రెండూ అంతంతమాత్రమే ఉన్న మనిషికీ ఒకే మార్కులు రావొచ్చు. అందుకని మీ నీలం 15ను మీ చెల్లెలి నీలం 13తో పోల్చి ‘నేనే ఎక్కువ సున్నితం’ అనడం కుదరదు. ఈ అంకెలు మీలో మీకు ఏది ముందు, ఏది వెనక అనేదే చెబుతాయి. ఇద్దరు మనుషుల మధ్య కొలబద్దగా పనికిరావు.

రంగుల్లో లేని ముక్క

స్వభావం గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లలో చాలామందికి లోపల ఉండే ప్రశ్న ఇది: నేనెందుకు ఇంత తొందరగా కలత పడతాను? లేదా, నాకెందుకు ఏదీ అంతగా పట్టదు? నాలుగు రంగుల పద్ధతులు చాలావరకు దీన్ని విడిగా కొలవనే కొలవవు.

మనుషులను ఉల్లాసం, కోపం, దిగులు, నిదానం అని పంచిన పాతకాలపు నాలుగు స్వభావాల ఆలోచనలో ఇది ఉండేది. మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్ ఆ నాలుగింటినీ రెండు గీతల మీద పెట్టి చూపించారు. ఒక గీత బయటికి తెరుచుకునే మనుషుల నుంచి లోపలికి ముడుచుకునేవాళ్ల దాకా. రెండో గీత కుదురుగా ఉండేవాళ్ల నుంచి ఇట్టే కదిలిపోయేవాళ్ల దాకా. తర్వాత వచ్చిన ఆఫీసు పరీక్షల్లో ఈ రెండో గీత మెల్లగా కనుమరుగైంది. ‘మీరు చీటికిమాటికి ఆందోళన పడతారు’ అని చెప్పే రిపోర్టును ఏ కంపెనీ కొంటుంది? నాలుగు రంగులూ మంచివే, ప్రతి రంగుకూ దాని బలం ఉంది అనే మాట వినసొంపుగా ఉంటుంది, శిక్షణ తరగతిలో ఎవరూ నొచ్చుకోరు. ఆ సౌకర్యానికి చెల్లించే మూల్యం ఇదే.

ఈ లోటు తీరాలంటే బిగ్ ఫైవ్ అనే అయిదు గుణాల ప్రశ్నావళి ఒకటి తోడు పెట్టుకోండి. కొత్తదనం మీద ఆసక్తి, క్రమశిక్షణ, బహిర్ముఖత, ఎదుటివారితో సర్దుకుపోయే గుణం, కలత పడే తత్వం అనే అయిదింటినీ ఇది విడివిడిగా కొలుస్తుంది. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలన్న నియమం లేదు. మనిషిని డబ్బాలో వేయదు, ఒక్కో గీత మీద ఎక్కడున్నారో చెబుతుంది. లూయిస్ గోల్డ్‌బర్గ్ చొరవతో మొదలైన ఐపీఐపీ ప్రశ్నల నిధి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బహిరంగంగా ఉంది. దాన్నుంచి వచ్చిన 120 ప్రశ్నల రూపం ఇరవై నిమిషాల్లోపు అయిపోతుంది. మరీ తీరిక లేకపోతే 20 ప్రశ్నల పొట్టి రూపమూ ఉంది, కాకపోతే ఎంత పొట్టిదైతే అంత గురి తప్పుతుంది. రంగు పేర్లు లేవు కాబట్టి సరదా తక్కువ. పరిశోధకులు వాడేది మాత్రం దీన్నే.

మరి ఏది ఎవరికి

మీ గురించి మీరు ఒంటరిగా, డబ్బు పెట్టకుండా తెలుసుకోవాలంటే 120 ప్రశ్నల బిగ్ ఫైవ్ ముందు, ట్రూ కలర్స్ తరహా కాగితం తర్వాత. ఈ వరస ముఖ్యం. రంగు ముందు తెలిస్తే, ఆ తర్వాతి ప్రశ్నలకు ఆ రంగు మనిషిలాగే జవాబిస్తారు.

ఇంట్లోవాళ్లతోనో స్నేహితులతోనో కూర్చుని ‘నువ్విలా, నేనిలా’ అని మాట్లాడుకోవాలంటే ట్రూ కలర్స్ హాయిగా ఉంటుంది. నాలుగు పేర్లు గుర్తుపెట్టుకోవడం తేలిక, ఎవరి లెక్క వాళ్లే కట్టుకుంటారు, నొప్పించే మాటలు లేవు. మీరు చేసే పనుల వెనకున్న కారణం గురించి ఆలోచించాలనుకుంటే కలర్ కోడ్ అడిగే ప్రశ్న మంచిదే. అయితే చిన్నప్పటి జ్ఞాపకాలు ఇప్పటి మనసుకు తగ్గట్టు రంగు మార్చుకుంటాయి. అక్క, అన్న, పిన్ని లాంటివాళ్లను అడిగి సరిచూసుకోకుండా ఆ జవాబుల మీద పెద్దగా ఆధారపడొద్దు. ఆఫీసువాళ్లు ఎలాగూ ఇన్‌సైట్స్ గానీ డిస్క్ గానీ చేయిస్తుంటే కాదనకండి. రిపోర్టులో మొదటి పేజీ రంగు వదిలేసి గ్రాఫ్ ఉన్న పేజీకి వెళ్లండి. స్వభావం కోసమే అయితే హెర్మన్ ప్రశ్నావళి అక్కర్లేదు. లూషర్ తరహావి సరదాకి చేసుకోండి, రాసి పెట్టుకోవద్దు.

చేసేటప్పుడు

చేయబోయే ముందు ఒక సందర్భం ఖాయం చేసుకోండి. ఆఫీసులో మీరా, ఇంట్లో మీరా? రెండూ కలిపి జవాబిస్తే సగం ప్రశ్నలకు ఆఫీసు మనిషి, సగానికి ఇంటి మనిషి జవాబిచ్చినట్టవుతుంది. మొత్తం చివరికి నాలుగు రంగులూ సమానంగా తేలతాయి. పరీక్ష తప్పేం కాదు. స్వభావం కోసమైతే ఎవరూ చూడనప్పుడు, ఎవరి మెప్పూ అక్కర్లేనప్పుడు మీరెలా ఉంటారో ఆ సందర్భం తీసుకోండి.

‘నేనిలా ఉండాలి’ అన్నది జవాబులోకి జొరబడకుండా చూసుకోవడం అన్నిటికంటే కష్టం. దీనికో చిట్కా ఉంది. ‘ప్రణాళిక ప్రకారం పనిచేస్తాను’ అన్న వాక్యం దగ్గర ఆగి, గత నెల రోజుల్లో అలా చేసిన పని ఒకటి గుర్తుచేసుకోండి. పది సెకన్లలో గుర్తు రాకపోతే మార్కు తగ్గించండి. ఒక్కో ప్రశ్న మీద అంతకంటే ఎక్కువసేపు కూర్చోవద్దు. ఎక్కువ ఆలోచిస్తే జవాబు మెరుగవదు, నలుగురూ మెచ్చేలా మారుతుంది. గొడవ పడ్డ రోజున, నిద్ర చాలని రోజున చేయొద్దు. గళ్లకే రంగు పూసి ఉన్న క్విజ్ అయితే జాగ్రత్త. నచ్చిన రంగు గడి వైపు చెయ్యి దానంతటదే పోతుంది. వాక్యాలు మాత్రం కాగితం మీద నల్లసిరాతో తిరగరాసుకుని చేయండి.

మూడు నాలుగు వారాల తర్వాత, మొదటి ఫలితం చూడకుండా మళ్లీ చేయండి. మొదటి రంగు అదే వచ్చి, మార్కులు ఒకటి రెండు అటూఇటూ అయితే నమ్మకం పెంచుకోవచ్చు. రంగే మారిపోతే మీరు మారారని కాదు, ఆ క్విజ్ మిమ్మల్ని నిలకడగా పట్టుకోలేకపోతోందని.

ఇంకొకరితో కూడా మీ గురించి నింపించండి. అయితే ప్రతి విషయంలోనూ వాళ్లదే పైమాట కానక్కర్లేదు. లోపల ఎంత ఆందోళన పడుతున్నారో మీకే బాగా తెలుస్తుంది. తెలివితేటలు, సృజన లాంటి మెప్పుకు సంబంధించిన గుణాలు దగ్గరివాళ్లకే బాగా కనిపిస్తాయని సిమీన్ వజీర్ పరిశోధన చెబుతోంది. ఎంత మాటకారులో, ఎంత కలుపుగోలో ఇద్దరూ దాదాపు సమానంగా చెప్పగలరు. తేడా వచ్చిన ప్రశ్నలను పక్కకు తీసి మాట్లాడుకోండి. క్విజ్ మొత్తంలో పనికొచ్చే భాగం ఒక్కోసారి ఆ నాలుగైదు ప్రశ్నలే అవుతుంది.

‘అచ్చం నా గురించే రాశారు’ అనిపిస్తే

1948లో మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, తర్వాత ఎవరి వివరణ వాళ్లకు ఇచ్చారు. అది తమకు ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే వివరణ, జ్యోతిష్య పుస్తకం నుంచి ఏరిన వాక్యాలతో. ‘మీలో వాడుకోని శక్తి చాలా ఉంది’, ‘పైకి ధైర్యంగా కనిపించినా లోపల సందేహాలుంటాయి’ లాంటి మాటలకు తలూపనివాళ్లెవరు?

మీ రిపోర్టు ఆ బాపతుదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆ పద్ధతిలోని నాలుగు రంగుల వివరణలూ తీసుకుని, రంగు పేర్లు, శీర్షికలు కొట్టేసి, నాలుగు కాగితాల మీద వేరుచేసి వారం రోజులు పక్కన పడేయండి. తర్వాత కలిపేసి ఒక్కోదానికి మీకు ఎంత సరిపోతుందో 10కి మార్కులు వేయండి. మీ రంగుకు 8, మిగతావాటికి 4, 5 పడితే ఆ వివరణలో పస ఉంది. నాలుగింటికీ 7, 8 పడుతుంటే అది ఎవరికైనా సరిపోయే రాత. ఈ పని మీ గురించి బాగా తెలిసినవాళ్లతో కూడా చేయించవచ్చు. ‘ఇందులో నేనెవరు’ అని అడిగితే చాలు.

పస ఉందని తేలితే, అందులోని విశేషణాలను చేష్టల్లోకి మార్చుకోండి. ‘ఎరుపు: దూకుడు’ అని ఉంటే దాంతో చేసేదేమీ లేదు. ‘ఎదుటివాళ్లు మాట పూర్తిచేయకముందే అందుకుంటాను’ అని రాసుకుంటే రెండు వారాల పాటు రోజుకు ఎన్నిసార్లు జరిగిందో గీతలు పెట్టుకోవచ్చు. గీతలు పెద్దగా పడకపోతే ఆ వాక్యం మీది కాదు, రిపోర్టు ఏమన్నా సరే.

డబ్బు కట్టే ముందు, మరికొన్ని చోట్ల

ఉచితమని చెప్పి ప్రశ్నలన్నీ అడిగాక, చివర్లో ఫలితం చూడాలంటే కట్టమనే సైట్లు ఎదురవుతాయి. అప్పటికే ఇరవై నిమిషాలు పెట్టాం కదా అని కట్టొద్దు. కట్టే ముందు నాలుగు సంగతులు చూడండి: అన్ని రంగుల మార్కులూ చూపిస్తారా, ఏ పద్ధతి మీద ఆధారపడిందో పేరు చెబుతారా, మళ్లీ చేస్తే ఫలితం ఎంత నిలకడగా ఉంటుందో ఎక్కడైనా రాశారా, మీ జవాబులను ఎంతకాలం దాచుకుంటారు. మొదటి రెంటికి జవాబు దొరక్కపోతే మిగతావి చూడక్కర్లేదు. ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అడిగే క్విజ్‌కు స్వభావంతో పని లేదు, మీ వివరాలతోనే పని.

ఉద్యోగంలోకి ఎవర్ని తీసుకోవాలి, సంబంధం ఖాయం చేసుకోవాలా వద్దా, మందులు వాడాలా అనే ప్రశ్నలకు ఈ రంగులను తేవద్దు. ఉద్యోగుల ఎంపికకు వాడొద్దని ఈ తరహా పరీక్షల ప్రచురణకర్తల్లో కొందరు తామే చెబుతారు. వారాల తరబడి నిద్ర పట్టక, దేని మీదా మనసు లేకుండా ఉంటే అది ఏ రంగో వెతుక్కునే సమయం కాదు, డాక్టరును కలవాల్సిన సమయం. చిన్నపిల్లల విషయంలోనైతే చీటీ అస్సలు వద్దు. పదేళ్ల పిల్లాడిని ‘వీడు పసుపు, ఒక చోట కూర్చోడు’ అని నలుగురి ముందూ అంటుంటే, రేపు కూర్చోగలిగినా కూర్చోడు. పిల్లల స్వభావం గమనించాలంటే క్విజ్ అక్కర్లేదు. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన అధ్యయనంలో చూసినవి రోజూ ఇంట్లో కనబడేవే: ఎంత కదులుతారు, నిద్ర, ఆకలి వేళకు వస్తాయా, కొత్త మనిషిని చూస్తే దగ్గరికొస్తారా వెనక్కి పోతారా, మార్పుకు ఎంతసేపట్లో అలవాటు పడతారు, ఎంత గట్టిగా నవ్వుతారు, ఏడుస్తారు. ఒక నోటుబుక్కులో తేదీ వేసి ఇవి రాస్తూ పోతే నెల తిరిగేసరికి ఏ రంగూ చెప్పనంత తెలుస్తుంది. ఇదే పుస్తకం పెద్దవాళ్లు తమ గురించి రాసుకోవడానికీ పనికొస్తుంది.